అమ్మినవాళ్లే వెనక్కి తీసుకోవాలి
అక్వేరియం అద్దం మీది పాచి తింటుందని కొనే బెత్తెడు సక్కర్ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా. అది మూరెడు పెరిగాక, చంపలేక కాలువలో వదిలేస్తారు. మన చెరువుల్లో దానికి దెయ్యం చేప అని పేరు. గరుకు కవచంతో వలలు చింపుతుంది. అందానికని తెచ్చిన గుర్రపుడెక్కదీ ఆ ఖండమే. దిగుమతి అనగానే అందరూ లైసెన్సు, క్వారంటైన్ గురించే మాట్లాడతారు. క్వారంటైన్ ముఖ్యంగా వెతికేది రోగాన్ని. నదికి అసలు ప్రమాదం ఆరోగ్యంగా ఉన్న చేపతోనే, బతికి సంతతి పెంచేది అదే కనుక. చంపడానికి మనసొప్పని జాలిని నేను తప్పుపట్టను. ఆ జాలికి దారి చూపని వ్యాపారాన్ని తప్పుపడతాను. పెదకూరపాడులో అక్వేరియం కొట్టు పెట్టాలనుకునేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: పెంచలేని చేపనూ మొక్కనూ తిరిగి తీసుకుంటామని బోర్డు మీద రాయండి, ఆ మాట నిలబెట్టుకోండి.