ఆంగ్ల పూర్వప్రత్యయాలు - తెలుగు అనువాదం: ఒక పరిశీలన

ధాతువుకు ముందు నిలిచి అర్థాన్ని మార్చే ఉపసరగలు సంస్కృతంలో 22 అని ప్రసిద్ధి. ఒక్క 'హృ' ధాతువే ఆహార, విహార, సంహార, పరిహార శబ్దాలలో భిన్నార్థాలను పొందడం ప్రాచ్యవిద్యార్థులకు విదితమే. ఉపసర్గలకు విడిగా అర్థం లేదని శాకటాయనుడు, నానావిధార్థాలు ఉన్నాయని గార్గ్యుడు వాదించినట్లు యాస్కుని నిరుక్తం తెలుపుతున్నది. నేటి అనువాదకులలో పలువురు ఈ రెండు పక్షాలనూ విడిచి, ఒక్కొక్క ఆంగ్ల పూర్వప్రత్యయానికి ఒకే అర్థాన్ని స్థిరపరచుకొని వ్రాస్తున్నారు. ఇది సరికాదని నా అభిప్రాయం.

'రి' అనే పూర్వప్రత్యయం కనబడగానే 'పునః' అని వ్రాయడం మనకు అలవాటు. 'రిసెటిల్‌మెంట్' వంటి పదాల విషయంలో అది ఒప్పుతుంది. కాని 'రిసెర్చ్'లోని 'రి' మరల అనే అర్థాన్ని ఈయదు; లోతుగా, సమగ్రంగా అనే అర్థాన్ని ఇస్తుంది. కనుకనే పెద్దలు పునశ్శోధన అనక పరిశోధన అన్నారు. 'ఇన్' సర్వత్ర నిషేధార్థకమే అయితే 'ఇన్‌ఫ్లేమబుల్' అంటే మండనిది కావాలి. నిజానికి అది సులభంగా మండేది. 'అఫారెస్టేషన్'లోని 'అ' మన నిషేధార్థకం వలె వినబడినా, అది లాటిన్ 'అడ్' యొక్క రూపాంతరం. అడవి కాని నేలను అడవిగా మార్చడమని ఆ పదానికి అర్థం. వనీకరణం అన్న మాట దానికి తగినది.

ఈ చిక్కు ఆంగ్లానికే పరిమితం కాదు. అనుత్తమం అంటే ఉత్తమం కానిది కాదు, తనకంటె ఉత్తమమైనది లేనిది. అమూల్యం విలువ లేనిది కాదు, వెల కట్టరానిది. ఇవి తెలిసిన విద్యార్థికి ఆంగ్లపదాల పోకడ కొత్త కారాదు.

ఇది కేవలం పదచర్చ కాదు. పాల్వంచ, భద్రాచలం అటవీ ప్రాంతాలలో పోడుభూముల వ్యవహారానికీ దీనికీ దగ్గరి సంబంధం ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం పేరులోనే 'రికగ్నిషన్' అనే పదం ఉన్నది. ఎరిగిన దానినే మరల ఎరుగుట దాని వ్యుత్పత్త్యర్థం. మన శాస్త్రభాషలో ప్రత్యభిజ్ఞ. తరతరాలుగా అడవిలో నివసిస్తున్నా హక్కులు నమోదు కాని గిరిజనుల, ఇతర సంప్రదాయ అటవీవాసుల హక్కులను గుర్తించి దఖలుపరచడమే ఉద్దేశమని ఆ చట్టం పీఠిక చెబుతున్నది. భూమి 2005 డిసెంబరు 13కు పూర్వమే స్వాధీనంలో ఉండాలని నియమం. అనగా అనుభవం ముందు, పత్రం తరువాత.

వ్యవహారంలో మాత్రం 'పట్టాల పంపిణీ' అన్న మాట స్థిరపడింది. 2023లో తెలంగాణలో పోడు పట్టాలు ఇచ్చినప్పుడూ ఆ మాటే వినవచ్చింది. పంపిణీ అన్నప్పుడు ఇచ్చేవాడు దాత, పుచ్చుకొనేవాడు అర్థి. గుర్తింపు అన్నప్పుడు పుచ్చుకొనేవాడు హక్కుదారు. దఖలుపరచడం కూడ చట్టంలో ఉన్నది కదా అని ఆక్షేపింపవచ్చు. ఉన్నది; కాని గుర్తించడం దానికి ముందున్నది. శాకుంతలంలో ఉంగరం దొరికిన నాడు శకుంతల భార్య కాలేదు. అంతకు పూర్వమే ఆమె భార్య. ఉంగరం రాజుకు స్మృతిని మాత్రమే ఇచ్చింది. పట్టా కూడ అట్టి అభిజ్ఞానమే.

కావున ప్రాచ్య కళాశాలలలో ఉపసర్గల పాఠంతోపాటు ఆంగ్ల పూర్వప్రత్యయాలను కూడ తులనాత్మకంగా బోధించడం అవసరం. ప్రభుత్వ ప్రకటనలకు తెలుగు కూర్చేవారు పూర్వప్రత్యయాన్ని విడదీసి మార్చక, పదం మొత్తం ఏమి చెబుతున్నదో తూచి వ్రాయాలి. తెలుగు స్వభావతః పదాంతంలో ప్రత్యయాలను చేర్చే భాష; 'లేని', 'కాని' అనేవి పదం వెనుకనే నిలుస్తాయి. సంస్కృతోపసర్గ కుదరని చోట ఈ దేశిమార్గాన్ని అవలంబించడంలో లోపమేమీ లేదు. పుచ్చుకొనేవానికి తన హక్కు తనకు తెలిసేటట్లు చెప్పినదే మంచి అనువాదం.