పురద్వారం దాకా నడిచిన బోయజు

బేత్లెహేము పొలాల్లో రూతు పరిగె ఏరుకున్న దృశ్యం మన సంఘాలకు ఎంతో ఇష్టమైనది. సండేస్కూలు పిల్లలు దాన్ని నాటికగా వేస్తారు. కోత పండుగ రోజున కాపరులు దాని మీద ప్రసంగిస్తారు. పరాయి దేశపు విధవరాలి కోసం కొన్ని వెన్నులు కావాలనే జారవిడవమని పనివారికి చెప్పిన బోయజు ఔదార్యాన్ని (రూతు 2:16) తలచుకుని మనమూ బియ్యం మూటలు తెస్తాం, కానుకలు ఇస్తాం. అయితే రూతు గ్రంథం పరిగె దగ్గరే ముగిసిపోలేదు.

యవల కోత, గోధుమల కోత ముగిశాక ఆ ఇద్దరు ఆడవాళ్ల గతేమిటన్నది నయోమి ముందున్న ప్రశ్న. గింజలు పొట్ట నింపుతాయి గాని నీడనివ్వవు. అందుకే కోడలికి స్థిరమైన ఆశ్రయం చూడాలని ఆ అత్త తహతహలాడింది (3:1). బోయజు కూడా ఆరు కొలల యవలు కొలిచి పంపి ఊరుకోలేదు. పురద్వారం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఊరి పెద్దలు పదిమందిని పిలిచి కూర్చోబెట్టాడు (4:1, 2). ఆ కాలంలో పురద్వారమంటే మన రచ్చబండ, మన పంచాయతీ ఆఫీసు, మన రిజిస్ట్రారు ఆఫీసు అన్నీ అదే. అక్కడ సాక్షుల ఎదుట పొలం సంగతి, రూతు సంగతి ఒకేసారి తేల్చాడు. గింజలు పెట్టిన చేతులతోనే ఊరి వ్యవహారాన్ని కూడా పూర్తి చేయించాడు.

ఈ సంగతి మాకు 2021 వరదల్లో గాని అర్థం కాలేదు. ఆ ఏడాది నవంబరు మూడో వారంలో తిరుపతి, చుట్టుపక్కల మండలాలు నీటమునిగాయి. స్వర్ణముఖి పొంగింది. ఏర్పేడులో లోతట్టు గుడిసెల వారు కొందరు మా ఆలయ వసారాలో తలదాచుకున్నారు. స్త్రీల సమాజం వారు వండిపెట్టారు. నీళ్లు తగ్గాక ఎవరి ఇళ్లకు వారు వెళ్లిపోయారు. ఒక అవ్వ మాత్రం మూట ఒళ్లో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది.

‘అవ్వా, నీళ్లు తగ్గినాయి కదా, ఇంటికి పోలేదా?’ అని అడిగాం.

‘యాడికి పోవాల అయ్యా? ఇల్లుంటే గదా పోయేదానికి’ అంది.

వరదకు ముందు ఆమె రాత్రుళ్లు రైల్వే స్టేషనులోను, పగళ్లు బస్సులు ఆగేచోటను గడిపేదని అప్పుడు తెలిసింది. ఆరాధనకు వస్తూ పోతూ మేమంతా ఆమెను చూసినవాళ్లమే.

మేము చేయవలసింది చేశామనుకున్నాం. దుప్పటి ఇచ్చాం, చీర ఇచ్చాం, క్రిస్మస్ నాడు విందు భోజనం పెట్టాం. వసారాలో పడుకోనిచ్చాం. నెల తిరిగేసరికి సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. వసారా పాడవుతోందన్నారు ఒకరు. ఈమెను చూసి మరికొందరు చేరతారన్నారు ఇంకొకరు. కమిటీ కూర్చుంది. జనవరిలో వసారాకు ఇనుప గ్రిల్లు, తాళం వచ్చాయి. ఆ తీర్మానం మీద సంతకం పెట్టినవారిలో ఈ మాటలు రాస్తున్న మేమూ ఉన్నాం. తల వాల్చుకోవడానికి తనకు చోటు లేదని ప్రభువు చెప్పిన మాట (లూకా 9:58) మీద అంతకుముందు నెలలోనే మేము ప్రసంగించాం.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ ప్లాట్‌ఫారం మీద కనబడింది. దుప్పటి లేదు, ఎవరో పట్టుకుపోయారట. ఇంకో దుప్పటి ఇవ్వబోతుంటే మా సంఘంలో రిటైరైన టీచరమ్మ ఒకరు అడిగారు: ‘అయ్యగారూ, ఈ పెద్దామెకు పింఛను ఎందుకు రావడం లేదు?’ అంతవరకు మాలో ఒక్కరం కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు.

అడుగుతూ పోతే తెలిసింది. పింఛనుకు బియ్యం కార్డు ఉండాలన్నారు. బియ్యం కార్డుకు ఆధార్ కావాలన్నారు. ఆధార్ కార్డు ఎప్పుడో పోయింది, నంబరు గుర్తులేదు. ‘ఇంటి నంబరు ఎంత?’ అని ఒక కార్యాలయంలో అడిగారు. చెప్పడానికి ఆమెకు ఏ నంబరూ లేదు. ఒకచోటికి వెళ్తే ఇంకోచోటు చూపించారు. ఎవరూ మమ్మల్ని కసురుకోలేదు. ఎవరి పని వారు చేస్తూనే ఉన్నారు. ఆ పనులన్నీ కలిపి ఒక మనిషికి అందించే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు.

ఒక్కసారి లెక్క చూద్దాం. ఇంటి స్థలం తహసీల్దారు గారి పరిధి. ఇల్లు కట్టించడం గృహనిర్మాణ సంస్థ పని. పింఛను దరఖాస్తు సచివాలయం నుంచి ఎంపీడీఓ కార్యాలయానికి వెళ్తుంది. జబ్బు పడితే 108 వస్తుంది. మతి చలించి, తన్ను తాను చూసుకోలేక తిరిగేవారిని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులకు అప్పగించింది. పిల్లలు వదిలేసిన వృద్ధుల మొర వినడానికి 2007 చట్టం కింద ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్ ఉంది. అన్నీ ఉన్నాయి. అయితే అవి ఆరు తలుపులు. చదువు రాని, నడవలేని ఒంటరి మనిషి ఆ ఆరు తలుపులూ తానే తట్టుకోవాలి.

పట్టణాల్లో ఈ తలుపులను ఒకచోట చేర్చే ప్రయత్నం జరిగింది. ఆహార హక్కు కేసు విచారణలో భాగంగా 2010లో సుప్రీంకోర్టు, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు వందమంది పట్టే ఆశ్రయ గృహం ఒకటి చొప్పున ఉండాలని, అవి ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని ఆదేశించింది. 2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో ఈ గృహాలకు ఒక పథకం పెట్టింది. మన రాష్ట్రంలో మునిసిపాలిటీలు, మెప్మా ఆ పని చేపట్టాయి. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, మరుగుదొడ్డి, వంటగది ఉండాలన్నారు. అంతటితో ఆగలేదు. అక్కడ చేరినవారికి గుర్తింపు కార్డు, రేషన్, పింఛను, వైద్యం, పిల్లలకు బడి అందేలా చూడాలని కూడా నిబంధనల్లో రాశారు. అంటే ఆశ్రయ గృహం పడక మాత్రమే కాదు, ఒక చిరునామా. ఆ చిరునామా పట్టుకుని మిగిలిన సేవలన్నీ లోపలికి రావాలన్నది ఉద్దేశం.

మరి పల్లెల మాటేమిటి? 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది తేలారు. రోడ్డు పక్కన, ప్లాట్‌ఫారాల మీద, గుడి మంటపాల్లో, వంతెనల కింద రాత్రి గడిపేవారి లెక్క అది. అందులో ఎనిమిది లక్షలకు పైగా గ్రామాల్లోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షల మంది ఉన్నారు. ఇల్లు లేకపోవడం మహానగరాల సమస్య అని మనం అనుకుంటాం గాని, దానిలో దాదాపు సగం పల్లెలదే. పట్టణ పథకమేమో ఇటు తిరుపతి, అటు శ్రీకాళహస్తి వంటి పట్టణాల హద్దుల దగ్గరే ఆగుతుంది. నడుమనున్న ఏర్పేడు గ్రామ పంచాయతీ. ఐఐటీ, ఐసర్ లాంటి పెద్ద విద్యాసంస్థలు మన మండలానికి వచ్చాయి. స్టేషనులో పడుకునేవారికి ఆశ్రయం మాత్రం రాలేదు.

ప్రభుత్వాలు ఇళ్ల సంగతి పట్టించుకోలేదని మేము అనడం లేదు. 2020లో సరిగ్గా క్రిస్మస్ రోజున, 30 లక్షలకు పైగా మహిళలకు ఇంటి పట్టాలిచ్చే కార్యక్రమం రాష్ట్రంలో మొదలైంది. డిసెంబరు 28న మన శ్రీకాళహస్తి దగ్గరి ఊరందూరులో కూడా పంపిణీ జరిగింది. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇచ్చే విధానం ప్రకటించింది. ఎవరిచ్చినా దేవునికి స్తోత్రమే. కానీ జాబితాలో పేరెక్కాలంటే ముందు కార్డులుండాలి. పట్టా చేతికి వచ్చినా ఒంటరి ముసలమ్మ పునాది ఎలా తీస్తుంది? పింఛనూ అంతే. ఇంటి దగ్గరికే తెచ్చి ఇవ్వడం నిజంగా గొప్ప సంగతి. వృద్ధులకు 2024 జులై నుంచి అది నెలకు రూ.4,000 అయింది. అయితే ఇంటికి వచ్చే పింఛను ఇల్లే లేనివారిని ఎక్కడ వెతుకుతుంది?

బోయజు కన్నా దగ్గరి బంధువు ఒకడు ఆ రోజు పురద్వారంలో ఉన్నాడు. పొలం విడిపిస్తావా అంటే విడిపిస్తానన్నాడు. పొలంతోపాటు రూతు బాధ్యత కూడా వస్తుందనగానే తన స్వాస్థ్యానికి నష్టమని వెనక్కి తగ్గాడు (4:4-6). అతడు దుర్మార్గుడేమీ కాడు, లెక్క చూసుకున్నాడంతే. వసారాకు గ్రిల్లు పెట్టిన రోజున మేమూ అతడి పక్కనే నిలబడ్డాం. దుప్పటి ఇవ్వడానికి ఒప్పుకున్నాం గాని మనిషి బాధ్యతకు ఒప్పుకోలేదు.

తర్వాత టీచరమ్మ, ఇద్దరు యౌవనస్థులు వారానికి ఒకరోజు ఆమె వెంట తిరగడానికి ముందుకొచ్చారు. సంఘంలో ఒక కుటుంబం తమ పెరటి గదిని, దాంతోపాటు తమ ఇంటి నంబరును ఆమెకు ఇచ్చింది. సర్పంచి గారు ధ్రువపత్రం మీద సంతకం చేశారు. ఆధార్ కేంద్రంలో అరిగిపోయిన వేలిముద్రలు పడలేదు గాని, కంటిపాప ఆధారంగా పాత నంబరు బయటపడింది. ఆ తర్వాత బియ్యం కార్డు, ఆ తర్వాత పింఛను. మొత్తం ఏడాది పట్టింది. 2023 జనవరిలో మొదటిసారి రూ.2,750 ఆమె చేతికి వచ్చింది. ఆ రోజు ఆమె డబ్బు సంగతి చెప్పలేదు. ‘నా తలుపు కొట్టినారయ్యా’ అని పదేపదే చెప్పింది. ఆమె బాప్తిస్మం అడగలేదు, మేమూ ఆ మాట ఎత్తలేదు. ఆకలికి, చలికి పెట్టే చేయి బదులు కోరకూడదు.

‘ఆఫీసుల చుట్టూ తిరగడం సంఘం పనా? మన పని సువార్త కదా?’ అని కొందరు విశ్వాసులు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు అనుదిన భోజనం సరిగా అందడం లేదని తెలిసినప్పుడు అపొస్తలులు ఆ పనిని తక్కువగా చూడలేదు. ఆత్మతో, జ్ఞానంతో నిండిన ఏడుగురిని దానికోసమే ఏర్పాటు చేశారు (అపొ. కార్య. 6:1-6). దిక్కులేని బీదవారిని ఇంట చేర్చుకోవడమే దేవుడు కోరిన ఉపవాసమని యెషయా ప్రవక్త చెప్పాడు (58:7). అధికారి మేలు కోసం నియమితుడైన దేవుని పరిచారకుడని పౌలు రాశాడు (రోమా 13:4). అలాంటప్పుడు ఆ పరిచారకుని దగ్గరికి ఒక బీదరాలిని వెంటబెట్టుకుని వెళ్లడం పరిచర్య కాక మరేమిటి?

మన సంఘాలు ప్రభుత్వానికి బదులు కాలేవు, కానక్కరలేదు కూడా. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో గ్రామీణ గృహనిర్మాణం, సాంఘిక సంక్షేమం పంచాయతీలకు అప్పగించదగిన అంశాలుగానే ఉన్నాయి. కాబట్టి అడిగే హక్కు మనకుంది. పంచాయతీ పరిధిలో వాడుకలో లేని ఒక గదిని రాత్రి బసగా తెరవమని అడగవచ్చు. ఇల్లు లేని మనిషి కనబడితే ఆరు శాఖల పనినీ చూసే బాధ్యత సచివాలయంలో ఒక ఉద్యోగికి అప్పగించమని కోరవచ్చు. ఆ గది చిరునామానే వారి కార్డుల మీద రాయమని అడగవచ్చు. ఇందుకు కోట్లు అక్కరలేదు. అడగవలసిన చోటు గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు రోడ్డు గురించి, కాలువ గురించి మాట్లాడినవారు ఉంటారు. ప్లాట్‌ఫారం మీద పడుకునేవారి గురించి మాట్లాడటానికి మన సంఘాల నుంచి ఎంతమంది వెళ్లాం?

ప్రతి సంఘం ఇద్దరిని ఈ పరిచర్యకు ప్రత్యేకించాలి. చుట్టుపక్కల రాత్రి బయట పడుకునేవారు ఎవరో వారికి తెలిసి ఉండాలి. ఏ కాగితం ఏ ఆఫీసులో అడగాలో నేర్చుకోవాలి. వృద్ధుల సహాయానికి 14567, పిల్లలకు 1098 అన్న నంబర్లు ఆలయ బోర్డు మీద వాక్యం పక్కనే రాసిపెట్టాలి. దుప్పట్లు పంచడం మానవద్దు, కానీ అక్కడితో ఆగవద్దు. పంచుతూ ఫొటో తీయించుకునే అలవాటు మాత్రం మానుకుందాం.

నీడ కోసం వచ్చిన ఆ మోయాబు విధవరాలికి ఓబేదు పుట్టాడు. ఓబేదు మనుమడు దావీదు (4:17). ఆ వంశంలోనే, సత్రంలో చోటు దొరకక పశువుల తొట్టిలో పరుండిన మన ప్రభువు జన్మించాడు. బోయజు పరిగె పెట్టి ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఈ మాటలు మనం చదివేవాళ్లమా?

మా ఆలయ వసారాకు గ్రిల్లు ఇంకా ఉంది. తాళం మాత్రం తీసేశాం. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మనం ఒక్కసారి స్టేషను దాకా నడిచి చూద్దాం. అక్కడ ఎవరైనా కనబడితే, సోమవారం వారి వెంట పంచాయతీ కార్యాలయం దాకా నడుద్దాం.