అక్షరం అదే, చదివే తీరు మారింది

తమ్ముళ్లారా, ఒక లెక్క ఇనండి. ఎస్సీల కోటాను మన రాష్ట్రం 2000లో నాలుగు భాగాలు చేసింది. 341వ అధికరణం కింద ఎస్సీ జాబితా అంతా ఒకటే, ముక్కలు చేయగూడదని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టులో ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు చేయొచ్చన్నారు.

341లో అక్షరం మారలేదబ్బా! మారింది చదివే తీరు. జాబితా రాసిందే వెనకబడినోళ్లకు వాటా దక్కాలని. ఆ జాబితాలోనే కొందరికి అందకపోతే రాసినోళ్ల ఉద్దేశం యాడ నెరవేరినట్టు?

2025లో మన రాష్ట్రం 15 శాతాన్ని రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5గా పంచింది. పంపకం సరే, పోస్టులే తీయకుంటే పంచుకునేదేముంది? దొర్నిపాడులో మాల, మాదిగ పిల్లోళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం ఆపి, ఖాళీల లెక్క కలిసి అడగాల.