సైన్యము వచ్చిన దినమే కాదు, సైన్యాధికారి వెడలిన దినమును



ఏటేట, హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన సెప్టెంబరు 17వ తేది సమీపించునప్పటికి ఆ దినమును విమోచన మనవలెనా, విలీన మనవలెనా, సమైక్యత యనవలెనా యను వాదము పత్రికలలోను, మా నకిరేకల్ బస్టాండు దగ్గరి చాయ హోటళ్లలోను ఒక్క తీరుగనే సాగుచుండును. పేరునుగూర్చి నేను వాదింపబూనను. కాని యే పేరు పెట్టినవారైనను తమ యుపన్యాసమును భారత సైన్యము హైదరాబాదు చేరుటతోనే ముగించుచున్నారు. మన జిల్లావారు ముఖ్యముగా చెప్పుకొనవలసిన కథ యచ్చటనే మొదలగుచున్నదని నా మనవి.

1948 సెప్టెంబరు 13న ప్రధానసేన సోలాపురము వైపునుండి కదలగా, బెజవాడ వైపునుండి బయలుదేరిన దళము మా రహదారినే పట్టినది. వెనుకకు మరలుచున్న నిజాం సైనికులు మూసీ వంతెనను కూల్చినను, దానిని సరిచేసికొని, నార్కట్‌పల్లి యొద్ద నిజాం పక్షపు సాయుధులైన రజాకార్ల నెదుర్కొని ముందునకు సాగినది. మా నాయనమ్మ జొన్నలు చెరుగుచున్న చాటను ఒడిలో నిలిపి, "రోడ్డు పొంటి యూనియన్ మిలట్రీ లారీలు పోతనే ఉన్నయి బిడ్డా, పొద్దుగూకింది గాని వాటి తోక కానరాలే" అని చెప్పెడిది. పిమ్మట గొంతు తగ్గించి, "వాటెన్క కొన్నొద్దులకు దొరలు సుత మళ్ల గడీలకొచ్చిండ్రు" అనెడిది. ఈ రెండవ మాట నేటివరకు ఏ వేదికమీదను నాకు వినబడలేదు.

18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయెను. మేజర్ జనరల్ జయంతనాథ చౌధురి మిలిటరీ గవర్నరాయెను. స్వతంత్రమై యేడాది గడచిన దేశములో, కోటిన్నరకు మించిన జనముగల రాజ్యము ఒక సైనికుని చేతిలోనికి వచ్చినది. శాసనము ఆయనది, అమలు ఆయనది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు అమలులోనికి వచ్చినది ఆయన పాలనలోనే. ఇట్టి యధికారమును రుచిచూచినవారు దానిని విడుచుట లోకములో అరుదు. చౌధురివలెనే ఇంగ్లండులోని సాండ్‌హర్స్ట్‌లో చదివిన అయూబ్‌ఖాన్ 1958లో పాకిస్తాను నేలిక యయ్యెను. బర్మాలో 1962లో నెవిన్, 1966లో ఘానా, నైజీరియాలలో సైనికాధికారులు పౌరప్రభుత్వములను పడద్రోసిరి. ఇచ్చటనో, 1949 ముగియుసరికి సైనికపాలన ముగిసినది. 1950 జనవరి 26న సివిలు ఉద్యోగి వెల్లోడి ముఖ్యమంత్రి యయ్యెను. 1952 మార్చిలో ప్రజలెన్నుకొన్న శాసనసభ బలముతో పాలమూరు గడ్డకు చెందిన బూర్గుల రామకృష్ణారావు ఆ పీఠమెక్కెను. చౌధురి తిరిగి సేనలోనికి పోయి, 1965 యుద్ధములో అదే అయూబ్‌ఖాన్ సేనలకెదురుగా మన సైన్యమును నడిపెను.

ఇది యొక్కని సద్గుణమువలన మాత్రమే జరుగలేదు. ఆయనను నియమించినదియు, ఆయనను లెక్క యడిగినదియు ఢిల్లీలోని ప్రజాప్రభుత్వము. తెల్లదొరల కాలమున సర్వసేనాధిపతి కాపురమున్న భవనమున ప్రధానమంత్రి నెహ్రూ కాపురముండెను. 1955లో సేనాపతులకు 'సర్వసేనాధిపతి' యను పేరే తీసివేయబడెను. తుపాకి యెవరి మాట వినవలెనో ఆ దినములలో మనవారు గట్టిగా తేల్చిపెట్టిరి.

అయినను సైన్యపు కీర్తిని చెప్పువారు రెండవవైపును దాచరాదు. రజాకార్ల పని ముగిసిన పిదప అదే సైన్యము 'సంఘపోళ్ల'ను, అనగా సాయుధపోరాటము సాగించుచున్న కమ్యూనిస్టులను, వేటాడుటకు మన నల్లగొండ పల్లెలలో క్యాంపులు వేసినది. భూమి యడిగిన రైతుబిడ్డలెందరో ఆ వేటలో నేలకొరిగిరి. పోలీసు చర్య యని పేరుపడిన ఆ దండయాత్ర వెనువెంట ముస్లిములపై జరిగిన ఘోరములను విచారించిన పండిత సుందరలాల్ సంఘపు నివేదిక దశాబ్దముల తరబడి ప్రజల కంటబడలేదు. పరదేశపు శత్రువు నెదిరించుటకు పెంచిన సేనను సొంత రైతుపైకి పంపుట తప్పని నేను నిండుగా నమ్ముచున్నాను. 1951 అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడిన కొలది నెలలకే, ఆ పోరాట నాయకుడు, బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డిని నల్లగొండ ఓటర్లు నెహ్రూకు వచ్చిన వోట్లకంటె నెక్కువ వోట్లతో లోకసభకు పంపిరి. క్యాంపులు తేల్చలేని తగవును వోటుపెట్టె తేల్చినది.

సైనికుని స్థానమెచ్చటనో తెలియగోరువారు ఆ బెజవాడ దారినే సూర్యాపేటకు పోయి, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్‌బాబు విగ్రహము ముందు నిలువవలెను. ఆయన నిలిచినది దేశపు సరిహద్దున.

కావున ఈ సెప్టెంబరులో జెండా యెగురవేయు పెద్దలు సైన్యము వచ్చిన దినమునే గాక, సైన్యాధికారి కుర్చీ విడిచి వెడలిన దినమును, నడుమ పల్లెలు పడిన బాధను గూడ బడిపిల్లలకు చెప్పవలెను. ఆ లారీలను కన్నులార చూచినవారు మా పల్లెలలో ఇక కొద్దిమందియే మిగిలిరి. వారి మాటలను వారి నోటి భాషలోనే వ్రాయించి మీ పత్రికలో ప్రకటింపుడని సంపాదకులను వేడుచున్నాను. ఈ సంవత్సరమే ప్రకటింపుడు.

నకిరేకల్,
భవదీయుడు,
ఒక పాఠకుడు