కూతురి సంపాదనకు కన్నతల్లి పరాయిదా?

పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చేరదీసి చదివించారు. ఉద్యోగం చేసుకుంది, బ్యాంకులో, ప్రావిడెంట్ ఫండ్‌లో నాలుగు రాళ్లు వెనకేసుకుంది. 1996లో వీలునామా రాయకుండానే కన్నుమూసింది. ఆ డబ్బు నాకు రావాలని కన్నతల్లి కోర్టుకెక్కింది. మాకే రావాలని భర్త సోదరి కొడుకులూ ఎక్కారు. 2009లో సుప్రీంకోర్టు వాళ్లకే ఇచ్చింది. జాలిపడి చట్టాన్ని పక్కన పెట్టలేమంది.

ఆ చట్టమే తప్పు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ చదవండి. వీలునామా రాయని స్త్రీ ఆస్తికి మొదట పిల్లలు, భర్త. వాళ్లు లేకపోతే భర్త వారసులు. అమ్మానాన్నల వంతు ఆ తరవాతే. మరి మగవాడు పోతే? భార్యాబిడ్డలతో సమానంగా అతని తల్లికీ వాటా ఉంది. అత్తమామలకు చిల్లిగవ్వ రాదు. కొడుకు కష్టార్జితంలో ముందు వరసలో ఉన్న తల్లి, కూతురి కష్టార్జితం దగ్గర అల్లుడి మేనల్లుళ్ల వెనక నిలబడాలా?

పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన పొలం మాత్రం, ఆమెకు పిల్లల్లేకపోతే, తండ్రి వారసులకే తిరిగొస్తుంది. అదే పొలాన్ని తండ్రి ముందే అమ్మి కూతుర్ని ఇంజనీరింగ్ చదివిస్తే, ఆమె జీతంతో కొన్న ఫ్లాటు అత్తింటికి పోతుంది!

పిల్లల్లేని జంట హైవే మీద కారు ప్రమాదంలో పోయిందనుకోండి. ఎవరు ముందు పోయారో తేలకపోతే వయసులో చిన్నవారే తరవాత పోయినట్టు లెక్క. భార్య చిన్నదైతే ఆమె సంపాదన నేరుగా భర్త వారసులకు. భర్త చిన్నవాడైతే అతని చేతిమీదుగా అతని వారసులకే. ఎటు తిప్పినా కూతుర్ని పోగొట్టుకున్న ఇంటికి దక్కేది శూన్యం.

వీలునామా రాసుకోమని సలహా ఇస్తారు. రాసుకోవాలి, కాదనను. కానీ ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల చావు గురించి ఆలోచిస్తుందా? రాయనివాళ్ల కోసమే కదా ఈ చట్టం! ఆమె మనసులో ఎవరుంటారో ఊహించి రాయాల్సిన చోట మొగుడి చుట్టాల జాబితా పెట్టారు. ఆమె సొంత సంపాదనలో పుట్టింటికీ సమాన వాటా ఇవ్వాలని లా కమిషన్ 2008లోనే, ఆ తీర్పుకు ఏడాది ముందే, 207వ నివేదికలో చెప్పింది. ఎవరు పట్టించుకున్నారు? అంతకుముందు కూతుళ్లను ఉమ్మడి ఆస్తిలో హక్కుదారుల్ని చేసిన 2005 సవరణ కూడా ఈ క్రమాన్ని తాకలేదు.

వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం. ఢిల్లీ కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆగలేదు. కేంద్రం కంటే రెండు దశాబ్దాల ముందు, 1986లోనే, పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కునిస్తూ చట్టం తెచ్చింది. ఇప్పుడు రెండు తెలుగు అసెంబ్లీలున్నాయి. సవరణ బిల్లు పెట్టండి, రాష్ట్రపతి ఆమోదానికి పంపండి. స్త్రీ సొంత సంపాదన విషయంలో, పిల్లలూ భర్తా లేనప్పుడు, భర్త వారసుల కంటే ముందు ఆమె తల్లిదండ్రుల పేరు రాయండి.