యాంటీవైరస్ పేరుతో అమ్ముతున్నది ఖౌఫ్

మా ఆపా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. దుల్హేభాయ్ జెద్దాలో నౌకరీ చేస్తారు. ఆయనతో వీడియో కాల్, పిల్లల చదువు, ఆపా టైలరింగ్ లెక్కలు అన్నీ దాని మీదే. పోయినేడాది అది మొరాయిస్తే రిపేరుకు ఇచ్చింది. దుకాణ్‌దారు ఒక్క మాటన్నాడు: "యాంటీవైరస్ లేకుండా నెట్ వాడుతున్నారా బాజీ? బ్యాంకులో పైసలన్నీ పోతాయి." ఆపా హడలిపోయి, బట్టలు కుట్టి దాచుకున్న దాంట్లోంచి పదిహేను వందలు తీసి ఒక డబ్బా కొనింది. ఇక బేఫికర్‌గా ఉండొచ్చనుకుంది.

రెండు నెలలకు మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, ఫోటోలు ఏవీ తెరుచుకోవట్లేదు."

వెళ్లి చూశాను. ప్రతి ఫైలు పేరు చివర అర్థంకాని నాలుగక్షరాలు. ప్రతి ఫోల్డర్లో ఒక చిట్టీ: ఫైళ్లు కావాలంటే 980 డాలర్లు కట్టండి, మూడు రోజుల్లోపు కడితే 490 చాలు. మర్హూం అబ్బాజాన్ తస్వీర్లు, ఆయన గొంతు రికార్డు చేసిన ఫైళ్లు, ఆపా నిఖా వీడియో అన్నీ అందులోనే ఉన్నాయి.

మరి పదిహేను వందల చౌకీదారు ఏం చేస్తున్నాడు? వాణ్ని మావాడే పడుకోబెట్టాడు. ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ముఫ్త్‌గా దొరుకుతుందని క్రాక్ దించుకున్నాడు. ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి అని అక్కడే రాసి ఉంది. చేశాడు. దొంగే గుమ్మంలోకొచ్చి "మీ చౌకీదారును కాసేపు ఇంటికి పంపండి" అంటే పంపినట్టయింది.

అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. మామూలు ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాల్సిన జరూరత్ లేదు. దుకాణంలో మనకు అమ్ముతున్నది హిఫాజత్ కాదు, ఖౌఫ్.

విండోస్ 8 వచ్చిన 2012 నుంచీ డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంటోంది. దానికి వేరే పైసలు కట్టక్కర్లేదు, ప్రతి ఏడూ రెన్యువల్ లేదు. మొదట్లో అది బలహీనంగానే ఉండేది, నిజమే. కానీ జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ చేసే పరీక్షల్లో కొన్నేళ్లుగా డిఫెండర్‌కు తరచూ 18కి 18 మార్కులు వస్తున్నాయి. పైసలు పెట్టి కొనేవాటిలో మంచివాటికీ వచ్చేది ఆ మార్కులే. ఇంకో సంగతి: బయటి యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. అంటే ఆపా తన ఇంట్లో ముఫ్త్‌గా కాపలా కాస్తున్నవాణ్ని పక్కకు జరిపి, జీతమిచ్చి ఇంకొకణ్ని పెట్టుకుంది.

"ముఫ్త్ యాంటీవైరస్ కంపెనీలు బోలెడున్నాయి కదా భాయ్" అంటారు. ఉన్నాయి. అవాస్ట్ అలాంటిదే, బాగా మషూర్. మనం ఏ సైట్లు చూస్తున్నామో ఆ వివరాలు పోగుచేసి, జంప్‌షాట్ అనే తన కంపెనీ ద్వారా అమ్ముకుంది. 2020 జనవరిలో ఆ ఖబర్ బయటపడ్డాక జంప్‌షాట్‌ను మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానికి కోటి 65 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పైసలు తీసుకునే కంపెనీల సంగతీ చూడండి. 2021లో నార్టన్ తన యాంటీవైరస్‌లో క్రిప్టో తవ్వే ఇంతిజాం పెట్టింది. మనం ఒప్పుకుంటేనే నడిచేది, కానీ నడిస్తే వచ్చేదాంట్లో 15 శాతం కంపెనీకి వెళ్లేది. కరెంటు బిల్లు మనకి, కమీషన్ వాళ్లకి. హిఫాజత్ కోసం పెట్టుకున్న సామానుతో చేసే సౌదా ఇదా?

దుకాణ్‌దారు మీద నాకు దుష్మనీ లేదు. రిపేరులో మిగిలేది తక్కువ, డబ్బా అమ్మితే నాలుగు పైసలొస్తాయి, అది అతని మజ్బూరీ. కొన్న యాంటీవైరస్‌లో ఫాయిదా అసలే లేదనీ అనను. పిల్లల మీద నిగా పెట్టే సౌకర్యాలు కొన్నింటిలో బాగుంటాయి. అవి కావాలనుకుంటే కొనండి, మీ హక్కు. అయితే మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది ధర అడగండి. ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారిటివ్స్ ఫలితాలు చూడండి. ఒకటే వేయండి, రెండేస్తే ఒకదాన్నొకటి పట్టుకుని కొట్లాడుకుంటాయి. కానీ వణుకుతూ మాత్రం కొనకండి.

అసలు ప్రమాదం వేరే చోటుంది. 2017 మే 12న వానాక్రై ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని పాలబడ్డాయి. అది దూరే సందును మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలల టైముంది. అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లో ఆ సందు మూసుకుపోయింది. మన ఇళ్లలో ఏం చేస్తున్నాం? క్రాక్ విండోస్ వేయించుకుంటున్నాం, అప్‌డేట్లు ఆపించేస్తున్నాం, పైన పదిహేను వందల డబ్బా పెడుతున్నాం. ఇంటికి తలుపే లేదు, గేటుకు మాత్రం ఇత్తడి తాళం.

ఆ పదిహేను వందలు దాచి, ఇంకొంచెం కలిపి ఒక బయటి హార్డ్ డిస్క్ కొనండి. నెలకొకసారి ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, వైరు పీకేసి బీరువాలో పెట్టండి. వైరు పీకడం మరవకండి, తగిలించి ఉంటే దానికీ తాళం పడుతుంది. పిల్లలకు వేరే స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. అప్పుడు వాళ్లు యాంటీవైరస్ ఆఫ్ చేయలేరు. అప్‌డేట్లు రానివ్వండి. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. క్రాక్ జోలికి వెళ్లకండి. అది ఇంకొకరి మెహనత్, వాళ్ల హఖ్. ఫోటోలు దిద్దడానికి గింప్, ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రేఆఫీస్ హలాల్‌గానే ముఫ్త్‌గా దొరుకుతాయి. పైసలే పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇవన్నీ ఆపాకు ఒక ఆదివారం కూర్చుని చెప్పాల్సింది నేనే. కంప్యూటర్ పని తెలిసినవాణ్ని, ఖాందాన్‌లో అందరూ నన్నే అడుగుతారు. పండక్కి వెళ్లినప్పుడల్లా సేమ్యా తిని వచ్చాను కానీ బ్యాకప్ ఉందా అని ఒక్కసారీ అడగలేదు. దుకాణ్‌దారు ఖౌఫ్ అమ్మాడు, నేనేమో మష్వరా కూడా ఇవ్వలేదు. ఈ గలతీలో నా హిస్సా తక్కువేం కాదు.

980 డాలర్లు కట్టలేదు. కడితే ఫైళ్లొస్తాయన్న భరోసా లేదు, ఆ పైసలతో ఇంకో ఇంటికి తాళం పడుతుంది. యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో ముఫ్త్ తాళంచెవులు ఉంటాయి. వెతికాను. మా తాళానికి చెవి లేదు. ఎప్పటికైనా దొరుకుతుందేమోనని ఫైళ్లు తుడిచేయకుండా దాచాను.

అమ్మీ పాత ఫోన్‌లో అబ్బాజాన్ గొంతు ఒక్కటి మిగిలింది. పదకొండు సెకన్లు. బజార్ నుంచి ఏం తేవాలని అడుగుతున్నారు. దాన్ని మూడు చోట్ల దాచాం. మీ ఇంట్లో అలాంటిది ఏముందో ఇవాళే చూసుకోండి.