బండి ఎడమకి లాగితే కుడి చక్రం చూడండి

మా కోనసీమలో బ్రేక్ వేస్తే బండి ఓ పక్కకి లాగడం చిన్న విషయం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని వెంట వచ్చిన కాలవల గట్లే ఇవాళ్టికీ చాలా ఊళ్లకి రోడ్లు. ఇక్కడ ‘ఓ పక్క’ అంటే కాలవే.

మావయ్యకి ఓ పాత ఫోర్ వీల్ జీపుంది. కొబ్బరికాయలు, ఎరువు బస్తాలు, పెళ్లివారు... లంకలోకి ఏది వెళ్లాలన్నా అదే. దసరాకి ఇంటికెళ్లినప్పుడు నేను నడిపాను. గట్టు మీద గేదె అడ్డొచ్చింది. బ్రేక్ తొక్కగానే స్టీరింగ్ ఎడమకి గుంజేసింది. ఆగేసరికి ముందు చక్రం కాలవ అంచున గడ్డి మీదుంది. వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ ఒళ్లో మా అక్క కూతురు.

"తడికి అలాగే ఉంటాదిరా. నాలుగుసార్లు తొక్కితే సర్దుకుంటాది" అన్నాడు మావయ్య.

ఆ మాట పూర్తిగా తప్పేం కాదు. డ్రమ్ బ్రేకుల్లోకి నీళ్లెళితే కాసేపు పట్టవు, లేదా ఒక పక్కే పడతాయి. వేడెక్కి ఆరితే మామూలైపోతాయి. కానీ మూడు రోజులు ఎండలో తిరిగినా మా జీపు లాగుతూనే ఉంది.

దగ్గర్లో ఉన్న మెకానిక్కి చూపించాం. ఎడమకి లాగుతోంది కాబట్టి ఎడమ చక్రం విప్పి, కొత్త షూలు వేశాడు. ఇంకా ఎక్కువ లాగింది! ఎందుకో నాకు రాత్రి పడుకున్నాక వెలిగింది. బండి లాగేది బ్రేక్ బాగా పట్టిన వైపుకి. అంటే ఎడమ చక్రం బుద్ధిగా పనిచేస్తోంది, పడుకున్నది కుడి చక్రం. ఎర్రర్ ఏ స్క్రీన్ మీద కనబడితే బగ్ అక్కడే ఉందనుకునే ఫ్రెషర్ని ఆఫీసులో ఎన్నిసార్లు ఆటపట్టించానో. ఇక్కడ నేనూ అదే చేశాను.

పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ ఏడెనిమిది సార్లు బ్రేక్ వేసి ఆపండి. ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి (డ్రమ్మును ముట్టుకోకండి, కాలుతుంది). చల్లగా ఉన్నదే దొంగ.

కుడి చక్రం విప్పితే లైనింగ్ నూనెతో తడిసిపోయి ఉంది. వీల్ సిలిండర్ కారుతోందని అదీ, షూలూ మార్చారు. సమస్య తీరిందనుకుని హైదరాబాద్ వచ్చేశాను. రెండు వారాలకి ఫోను: "ఒరే, మళ్లీ మొదలెట్టింది."

ఈసారి రావులపాలెంలో పాత జీపులు చూసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన డ్రమ్ము ఊడదీసి, ఆ నూనె వేలికి రాసుకుని వాసన చూశాడు. "ఆయ్, ఇది బ్రేకాయిల్ కాదండి, గేరాయిలు" అన్నాడు. బ్రేకాయిల్ పల్చగా ఉంటుంది. గేరాయిల్ చిక్కన, గంధకం కంపు.

కథంతా అక్కడే ఉంది. వెనక చక్రాలతోనే నడిచే బండిలో ముందు చక్రాల దగ్గర గేరాయిలే ఉండదు. ఫోర్ వీల్‌లో ముందు యాక్సిల్‌కీ గేర్లుంటాయి, నూనె ఉంటుంది. దాన్ని ఆపే సీలు పోతే అది నెమ్మదిగా డ్రమ్ములోకి చేరుతుంది. షూలు ఎన్ని మార్చినా మళ్లీ తడుస్తాయి.

మరి సీలు ఎందుకు పోయింది? పాతదే అనుకోండి. కానీ పెద్దాయన యాక్సిల్ మీదున్న చిన్న బ్రీదర్ ఊడదీసి నా చేతికిచ్చి, "ఊదండి బాబూ" అన్నాడు. ఊదాను. గాలి పోలేదు. కందిరీగ గూడు కట్టినట్టు లోపలంతా లంక బురద. నడుస్తుంటే యాక్సిల్ వేడెక్కుతుంది, లోపల గాలి వ్యాకోచిస్తుంది. దారి లేక సీలు మీదుగా నూనెని బయటికి తోస్తుంది. వేడి యాక్సిల్ నీళ్లలో దిగితే ఉల్టా, బయటి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. మా నూనె అప్పటికే పాలు కలిపిన టీ రంగులో ఉంది.

సీళ్లు, నూనె మార్చి, బ్రీదర్ శుభ్రం చేశారు. రెండు పక్కలా కొత్త షూలు పడ్డాయి. ఒక పక్కే మారిస్తే మళ్లీ లాగుడే. నూనె తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి వాడేద్దామని మావయ్య బేరం పెట్టాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. డ్రమ్ముల్లో దుమ్ముకి గాలి కొట్టనివ్వలేదు కూడా, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

ఇప్పుడు గట్టు మీద బ్రేక్ తొక్కితే జీపు తిన్నగా ఆగుతోంది. బురదలోంచి వచ్చినప్పుడల్లా మావయ్య బ్రీదర్ విప్పి ఊది చూస్తున్నాడు. "నేను ముందే చెప్పాను కదరా, తడికే అని" అంటున్నాడు. ఏం చెప్పమంటారు, ఓ రకంగా నిజమే కదా!